బ్యానరు కట్టని రోజు

(తెనాలిలో ఒక కార్మిక వైద్యుడి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పెద్దాయన పేరు మీద ఈ ఏడాది మీరు మాట్లాడాలని వాళ్ళబ్బాయి ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. నేను డాక్టర్ని కాను. కార్మిక శాఖలో సహాయ అధికారిగా తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య బస్సుల్లోనూ ప్యాసింజరు రైల్లోనూ తిరిగి తిరిగి రిటైరైనవాణ్ణి. ఆ మాటే చెప్పాను. "అందుకే అడుగుతున్నానండీ, డాక్టర్లని పిలిస్తే ఆసుపత్రుల గురించి చెప్తారు. నాన్నగారు ఎక్కువ కాలం కూర్చుంది మిల్లుల్లో కదా" అన్నాడు. ఒక షరతు కూడా పెట్టాడు. పొగడకూడదు, పేరు పదేపదే ఎత్తకూడదు. అందుకని మనందరం పిలిచినట్టే డాక్టరుగారు అనే అంటాను.

ఆయన దగ్గరికి ఎవరు వెళ్ళినా, చెయ్యి పట్టుకోకముందే ఒక ప్రశ్న వచ్చేది. "ఏం పని చేస్తావయ్యా?" మిల్లులో అని చెప్తే సరిపోదు. "మిల్లులో ఎక్కడ? జల్లెడ దగ్గరా, కాటా దగ్గరా, లారీ ఎగుమతా?" అని అడిగేవారు. బయట క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. దగ్గుకి మందు రాయడానికి కాటా సంగతి ఎందుకని నేనూ ఒకసారి అన్నాను. ఆ ప్రశ్న నాది కాదోయ్, ఇటలీవాడిది అన్నారాయన. మొడెనాలో రామజ్జిని అనే వైద్యుడు వృత్తుల వల్ల వచ్చే రోగాల మీద 1700లో ఒక పుస్తకం అచ్చు వేశాడు. రోగిని పూర్వం నుంచీ అడుగుతూ వచ్చిన ప్రశ్నలకి ఇదొకటి కలపండని తోటి వైద్యులకి చెప్పినవాడు ఆయనే. ఆయనకి ఆ ధ్యాస పుట్టింది ఒక పాకీ మనిషిని చూసి. ఇంటి మరుగుగొయ్యి ఎత్తుతున్న మనిషి ఊపిరి సలపని తొందరలో ఉంటే ఎందుకంత హడావుడి అని అడిగాడట. ఈ గోతిలో నాలుగు గంటలు దాటి ఉంటే కళ్ళు పోతాయయ్యా అన్నాడట అతను. ఈ పాకీ మనిషి దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమం అనే మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. హైదరాబాదు ఐటీ కంపెనీల్లో అయితే జిమ్ము, యోగా, అడుగులు లెక్కపెట్టే గడియారం. నేను వాటిని ఎగతాళి చెయ్యను, కూర్చుని చేసే పనికి అవీ కావాలి. కానీ మన పక్క పనంటే మినప్పప్పు మిల్లు, వరి మిల్లు, నిమ్మకాయల యార్డు, దుగ్గిరాల పసుపు కొట్లు, నిజాంపట్నం వైపు రొయ్యల షెడ్లు, ఆర్టీసీ డిపోలు, మునిసిపాలిటీ చెత్తబండి. ఇక్కడ ఆరోగ్య కార్యక్రమం పెట్టాలంటే ఎలా పెట్టాలో నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, ఒక్క గురువారం మధ్యాహ్నం చూశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కనీస వేతనాల రిజిస్టరు చూద్దామని తెనాలిలో ఒక పప్పుమిల్లుకి వెళ్ళాను. ఫ్యాక్టరీల తనిఖీ మా పని కాదు, దానికి వేరే శాఖ ఉంది. మాది కూలి రేట్లు, షాపులు, బకాయిలు. అయినా కళ్ళు మూసుకుని తిరగం కదా. గోడకి ప్రథమ చికిత్స పెట్టె వేలాడుతోంది. 150 మందికి ఒక పెట్టె ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది కనుక పెట్టె ఉంది. తెరిచి చూస్తే అగరొత్తుల కట్ట, కాటా చీటీలు, ఒక జర్దా డబ్బా. నేను రాసుకోబోతుంటే బయట కాటా పక్కన వేపచెట్టు కింద బల్ల వేసుకుని డాక్టరుగారు కనిపించారు. నెలకోసారి, రెండో గురువారం, షిఫ్టు మారే వేళకి అక్కడ కూర్చుంటారట. ఓనరు తన ఏసీ గదిలో కుర్చీ వేస్తానంటే వద్దన్నారట. ఆ గదిలోకి వచ్చే హమాలీ చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని వస్తాడు, వాడి బీపీ నాకు దొరకదు, మీ గదిది దొరుకుతుంది అన్నారట.

ఆ రోజు ఒక ముఠా కూలీ వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. బీపీ చూస్తే 180 మీద ఉంది. డాక్టరుగారు మళ్ళీ చూశారు, అంతే. మామూలుగా ఏ డాక్టరైనా మాత్ర రాసి, బరువులు మొయ్యొద్దు, విశ్రాంతి తీసుకో అంటాడు. ఇక్కడ విశ్రాంతి అంటే ఏమిటో డాక్టరుగారికి తెలుసు. ముఠా అంటే ఇంతమంది కలిసి ఇన్ని బస్తాలు దించి, సాయంత్రం వచ్చిన డబ్బు సమానంగా పంచుకోవడం. రాని వాడికి వాటా లేదు. వచ్చి మొయ్యని వాడికి వాటా ఇస్తే పక్కవాడి జేబులోంచి ఇచ్చినట్టు. ధాన్యం లెక్క మన వైపు ఇవాళ్టికీ 75 కిలోల బస్తాలోనే నడుస్తోంది. మగమనిషి ఒక్కడు ఎత్తే బరువు 55 కిలోలు దాటకుండా చూడండని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది, మన బస్తాకి ఆ సంగతి తెలియదు. ఆ రోజు లారీలో ఉన్నవి 50 కిలోల మినుముల బస్తాలు. ఒక్కొక్కడూ ఎన్నింటిని వీపున వేసుకున్నాడో లెక్కగడితే బీపీ మాత్ర ఎక్కడో మూల పడి ఉంటుంది.

డాక్టరుగారు మాత్ర రాశారు. రాసి, రోగితో మాట్లాడకుండా ముఠా మేస్త్రిని పిలిచారు. "పది రోజులు ఇతన్ని దబ్బనం మీద పెట్టు" అన్నారు. బస్తా మూతులు కుట్టే పని అన్నమాట. మేస్త్రి నసిగాడు. కుట్టుకి ముఠాలో వాటా తక్కువ. "రేపు నీకూ ఇంతే వస్తుంది, అప్పుడు నిన్నూ దబ్బనం మీద పెట్టాలా, ఇంటికి పంపాలా? ఇప్పుడే తేల్చుకోండి" అన్నారు. ముఠా అంతా చెట్టు కిందే పావుగంట అరుచుకున్నారు. ఒకడు అటూ ఒకడు ఇటూ లాగారు. చివరికి పది రోజులకి పూర్తి వాటా, ఆ తర్వాత మళ్ళీ చూపించుకోవాలి, ఎవరికొచ్చినా ఇదే పద్ధతి అని తీర్మానం. కాగితం మీద సంతకాలు లేవు. ఆరోగ్య కార్యక్రమం అంటే నా దృష్టిలో ఆ పావుగంట అరుపులు. బీపీ మిషను కొనడం వందల్లో పని. కూలి పంచుకునే పద్ధతిలో జబ్బు చేసిన వాడికి చోటు పెట్టడమే అసలు పని.

ఇప్పుడు దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ చెప్తాను. పేరు అడక్కండి. బాపట్ల నుంచి సముద్రం వైపు వెళ్ళే దారుల్లో ఒకదాని మీద ఒక రొయ్యల షెడ్డు. అక్కడ పెద్ద ఆరోగ్య శిబిరం చేశారు. ఫ్లెక్సీ బ్యానరు, దీపప్రజ్వలన, పట్నం నుంచి ఆసుపత్రి బస్సు. ఆడవాళ్ళందరికీ రక్తపరీక్ష చేసి చీటీలు ఇచ్చారు. నన్నూ వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు, ఇందులో నా వాటా కూడా ఉందని ఒప్పుకోవాలి కదా. మూడు నెలలకి ఒక వేతన ఫిర్యాదు మీద అదే షెడ్డుకి వెళ్ళాను. ఫిర్యాదు చేసినావిడ ఆధార్ కార్డు తీయబోతే ప్లాస్టిక్ కవరులోంచి ఆ చీటీ జారి పడింది. నాలుగు మడతలు. హిమోగ్లోబిన్ 7.2 అని ఉంది. "ఇదేంటమ్మా, మందులు వాడుతున్నావా?" అని అడిగాను. "అది క్యాంపుదండీ, దాచుకోమన్నారు" అంది. దాచుకుంది. రేషన్ కార్డు దాచుకున్నట్టు భద్రంగా దాచుకుంది.

ఆవిడ చేతులు చూశాను. ఐసునీళ్ళలో రొయ్య తలలు తీసి తీసి వేళ్ళ చివరలు నాని, తెల్లబడి, ముడతలు పడి ఉన్నాయి. గ్లౌజులు ఇస్తారు, చిరిగితే కొత్తవి సాయంత్రం దాకా రావు. గ్లౌజు వేసుకుంటే చెయ్యి ఆడదు, కిలోల లెక్కన కూలి గనుక వీళ్ళే విప్పేస్తారు. ఇంకో మాట గట్టిగా చెప్పలేక మెల్లగా చెప్పింది. పొద్దున ఇంటి దగ్గర ఒక గ్లాసు నీళ్ళు తాగితే మళ్ళీ మధ్యాహ్నం అన్నం వేళకే. మరుగుదొడ్డి షెడ్డుకి ఆ చివర ఉంది, వెళ్ళాలంటే గమ్‌బూట్లు, ఏప్రాను విప్పి, చేతులు మందునీళ్ళలో కడిగి, మళ్ళీ అన్నీ తొడగాలి, ఎన్నిసార్లు వెళ్ళారో సూపర్‌వైజరు గీతలు గీస్తాడు. అందుకని నీళ్ళే మానేశారు. మూత్రంలో మంట అందరికీ ఉందిట, అది జబ్బుగా లెక్కలో లేదు. ఆసుపత్రి బస్సు ఆ సంగతి అడగలేదు, అడిగే పట్టికలో ఆ గడి లేదు. సూపర్‌వైజరు గీతలు మానేసి, ఆ చివరి మరుగుదొడ్డికి తోడు ఈ చివర ఒకటి కట్టి ఉంటే రక్తపరీక్షకి పెట్టిన ఖర్చులో సగం కూడా అయ్యేది కాదనుకుంటాను.

క్యాంపులు చెయ్యొద్దని నేననడం లేదు. బ్యానరు కట్టని రోజున ఏం జరుగుతుందన్నదే నా గొడవ.

ఇక డ్రైవర్ల సంగతి. డాక్టరుగారికి ఆర్టీసీ వాళ్ళంటే ప్రత్యేకమైన అభిమానం, చిరాకు కూడా. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడింట్లోనూ డిపోలున్నాయి. రాత్రి చివరి బస్సు పల్లెటూళ్ళో ఆగితే డ్రైవరూ కండక్టరూ అక్కడే పడుకుని తెల్లారగట్ల మొదటి ట్రిప్పు తియ్యాలి. తిండికి వేళ లేదు, నిద్రకి చోటు లేదు, ఇంజను వేడి కాళ్ళకి తగులుతూ ఉంటుంది. షుగరు రాకపోతే ఆశ్చర్యం. వచ్చాక దాచడం మామూలు. ఒక డ్రైవరు షుగరు మాత్రలు పట్టీల్లోంచి విడదీసి సున్నం డబ్బీలో పోసుకుని జేబులో పెట్టుకునేవాడు. వాళ్ళావిడే పోసి ఇచ్చేదట. మాత్రల పట్టీ చూస్తే డిపోలో తెలిసిపోతుంది, తెలిస్తే అన్‌ఫిట్ అంటారని భయం. ఆ డబ్బీలో చెమటకి మాత్రలు కరిగి ముద్దయిపోయేవి. ముద్దలోంచి గోటితో గీకి వేసుకునేవాడు.

వైద్యపరీక్ష ఉద్యోగం తీసేసేదైతే మనిషి జబ్బుని దాస్తాడు. ఇది డ్రైవరు తప్పు అనను. ఆర్టీసీలోనే దీనికి పాత విరుగుడు ఒకటి ఉంది. రంగులు పోల్చుకోలేకపోయిన డ్రైవర్లకి జీతం తగ్గకుండా వేరే పని ఇవ్వాలని 1979లోనే యాజమాన్యం, కార్మిక సంఘం ఒప్పందం రాసుకున్నాయి. ఆ తర్వాత ఎన్నో సర్క్యులర్లు వచ్చాయి, ఒప్పందం మరుగున పడింది. తెలంగాణ ఆర్టీసీలో అలా ఇంటికి పంపిన ఒక డ్రైవరు కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, ఆ ఒప్పందం ఇంకా బతికే ఉందని, అతనికి తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని తీర్పు చెప్పింది. నలభై ఆరేళ్ళ కిందటి కాగితం. డాక్టరుగారు ఉంటే ఆ తీర్పుని డిపో గేటుకి అంటించమనేవారు, ఏ ఆరోగ్య పోస్టరు కన్నా బాగా పనిచేస్తుందని. తెలంగాణ ఆర్టీసీలోనే 2022 చివర్లో గ్రాండ్ హెల్త్ ఛాలెంజ్ అని పేరు పెట్టి ఉద్యోగులందరికీ డిపోల వారీగా పరీక్షలు చేశారు. డిపో దగ్గరికే వెళ్ళి చెయ్యడం మంచి ఆలోచన. గుండెజబ్బు ముందే బయటపడ్డవాళ్ళు అందులో ఉన్నారు. మన దగ్గర 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. పేరు మారింది, స్టీరింగు ముందు కూర్చునే గంటలు మాత్రం పేరుతో పాటు మారవు.

పాకీ మనిషి దగ్గరికి వస్తానన్నాను. మునిసిపల్ పారిశుధ్య కార్మికులకి రాష్ట్ర ప్రభుత్వం 2019లో 12 వేల జీతానికి తోడు నెలకి 6 వేలు ఆక్యుపేషనల్ హెల్త్ అలవెన్స్ అని ప్రకటించింది. మన వాళ్ళ నాలుకల మీద అది హెల్త్ అలవెన్సు. ఆ 6 వేల మీదే 2022 జులైలో రాష్ట్రమంతా సమ్మె చేశారు. నేను సమ్మె చేసినవాళ్ళ పక్షమే. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ డబ్బుతో. కానీ ఆ పేరు చూడండి. మురుగు వాసన, తెగిన సీసాపెంకు, ఆసుపత్రి చెత్తలో సూది, ఇవన్నీ ఉంటాయని ఒప్పుకుని, వాటికి రేటు కట్టి, నెలనెలా చెల్లించాం. గ్లౌజు, బూటు, టీకా, ఏడాదికోసారి ఛాతీ ఫోటో, పని అయ్యాక స్నానానికి గది, సబ్బు ఇవన్నీ ఆ పేరు కింద రావలసినవి. డబ్బు రూపంలో ఆరోగ్యం ఇస్తే అది బియ్యం, ఫీజులు, వడ్డీ అవుతుంది. కావలసిందే అవుతుంది, ఆరోగ్యం తప్ప. రామజ్జిని చూసిన మనిషి తొందర పడ్డది గోతిలోంచి బయటపడదామని. మనం గోతిలో ఉండడానికి అద్దె ఇచ్చాం.

చట్టం సంగతి త్వరగా ముగిస్తాను, ఇప్పటికే మీరు గడియారం చూస్తున్నారు. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 40 ఏళ్ళు దాటిన కార్మికులకి ఏడాదికోసారి ఉచిత వైద్యపరీక్ష యజమాని చేయించాలని ప్రభుత్వం చెప్తోంది. సంతోషం. ఆ నాలుగింట్లో ఈ పరీక్ష ఉన్న కోడ్‌లోనే ఫ్యాక్టరీ అనే మాటకి కావలసిన మనుషుల లెక్క పెరిగింది. కరెంటుతో నడిచే చోట 10 ఉన్నది 20, కరెంటు లేని చోట 20 ఉన్నది 40 అయ్యింది. మన మిల్లులు ఎన్ని ఆ గీతకి అటు ఎన్ని ఇటు పడతాయో మీకే తెలుసు. మస్టరులో తొమ్మిది మందే ఉండి, గోదాములో పాతికమంది పనిచేసే చమత్కారం నేను చాలా చూశాను.

ఈఎస్ఐ కూడా అంతే. 12 వేల జీతగాడికి నెలకి కోసేది 90 రూపాయలు, యజమాని వేసేది 390. దాని మీద కుటుంబానికంతా వైద్యం, జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం జీతం. ఆరునెలల్లో 78 రోజులు చందా పడితే చాలు. ఇంత చవక బేరం మరెక్కడా లేదు. కానీ నేను మాట్లాడిన కూలీల్లో చాలామంది 90 కోత సంగతి చెప్తారు, 91 రోజుల సంగతి చెప్పరు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పుస్తకం చేతిలో పెట్టినవాడు లేడు, డిస్పెన్సరీకి వెళ్ళిన రోజు కూలి పోతుందేమోనని భయం, మందులు లేవంటే రెండోసారి వెళ్ళడు.

మరి ఏం చెయ్యాలి అంటారు. మనం కాలువల మధ్య పుట్టినవాళ్ళం, నాకు కాలువ లెక్కే వస్తుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట అయ్యాక ఇక్కడికి నీళ్ళొచ్చాయి. కట్టించిన ఇంజనీర్లకి దండం పెడతాం. కానీ చివరి పొలానికి నీళ్ళు చేరుతున్నాయా లేదా రోజూ గట్టు మీద నడిచి చూసేవాడు లస్కరు. ఎక్కడ గండి పడబోతోందో, ఎవడు తూముకి గడ్డి కుక్కాడో అతనికి తెలుసు. ఆరోగ్య కార్యక్రమాల్లో మనకి ఇంజనీర్లు సరిపడా ఉన్నారు, పథకాలు ఉన్నాయి, లస్కర్లు లేరు. పప్పుమిల్లు ఒక్కటే ఒక డాక్టర్ని భరించలేదు. వీధిలో ఆరు మిల్లులు కలిస్తే భరిస్తాయి. వ్యాపారంలో ధర దగ్గర పోటీ పడేవాళ్ళు బీపీ దగ్గర కలవలేరా? కలవడం కష్టమే అని నా అనుభవం. ఒకరు ఒప్పుకుంటే మరొకరు, ఆయన మిల్లు కూలీలు నా దగ్గర చూపించుకుంటారేమిటి అంటారు. డాక్టరుగారు రెండు మిల్లుల్ని మాత్రమే కలపగలిగారు, అదీ ఇద్దరు ఓనర్లూ వియ్యంకులు కావడం వల్ల.

ఆయన దగ్గర ఒక పొడుగు నోటుపుస్తకం ఉండేది. అందులో పేర్లు ఉండవు, అంకెలే. ఏ అంకె ఎవరిదో ఆయనకీ, ఆ మనిషికీ తెలుసు. ఓనరు ఒకసారి చూపించమని అడిగితే, "మీ జమాఖర్చు పుస్తకం నాకు చూపిస్తారా?" అన్నారు. నిలువు గీతలు నాలుగు. అంకె, చేసే పని, ఎంత ఉంది, మళ్ళీ ఎప్పుడు. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ రోజు పని అయినట్టు కాదని ఆయన పట్టుదల.

ఆయన పోయాక వచ్చిన రెండో గురువారానికి పేజీ తయారుగా ఉంది, నాలుగో గడుల్లో అదే తేదీ పదకొండు చోట్ల రాసి ఉంది. ఆయన పోయింది ఆదివారం. పదకొండో రోజు వెళ్ళాక వాళ్ళబ్బాయి ఆ పుస్తకం, బీపీ మిషను నాకిచ్చి మిల్లులో ఇచ్చేయమన్నాడు. తీసుకెళ్ళాను. వేపచెట్టు కింద బల్ల వేసే ఉంది. పదకొండు మందిలో తొమ్మిదిమంది వచ్చి నిలబడ్డారు. డాక్టరు ఎవరూ లేరు, నాకా పట్టీ చుట్టడం కూడా రాదు. ఏం చెయ్యాలో తోచక పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆనాడు నసిగిన ముఠా మేస్త్రి, ఇప్పుడు జుట్టు పూర్తిగా నెరిసింది, వచ్చి బల్లకి ఇటు కూర్చున్నాడు. మొదటివాడి చొక్కా చెయ్యి పైకి మడిచి, పట్టీ చుట్టి, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని బుడ్డి నొక్కాడు. ఇరవై ఏళ్ళు పక్కన నిలబడి చూశాడు మరి. అంకె చెప్పి, "రాసుకోండి సార్, 160కి 100. ఎప్పుడు రమ్మందాం?" అన్నాడు.